ఫస్ట్ క్లాస్ కంకర

రాతియుగం ముగిసిపోయిందని చరిత్ర పుస్తకాల్లో రాశారు. అది రాసినవాళ్లెవరూ ఆక్లాండ్‌లో టౌన్‌హౌస్ కొని ఉండరు.

తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, రీహాబ్ వార్డులో నడక నేర్చుకుంటున్న అత్తగారిని ఇంటికి తెచ్చుకోవాలంటే ఆ ఊరి శివారు మనురేవాలో ఒక అల్లుడు చేయవలసిన పనులు ఇవి:

బాత్రూం గోడకు పట్టుకునే కడ్డీ బిగించాలి.

టాయిలెట్ సీటు ఎత్తు పెంచాలి.

హాల్లో కాలికి తగిలే తివాచీ చుట్టి అటకెక్కించాలి (అటకలు లేని దేశం కాబట్టి గరాజ్‌లో పడేయాలి).

కింది గదిలో ఉన్న కొడుకు జేసన్‌ను మేడ మీదికి పంపి, మేడ మీది మంచాన్ని కిందికి దించాలి.

గేటు నుంచి గుమ్మం దాకా చక్రాల వాకర్ కూరుకోకుండా, ఒరగకుండా పోయే దారి వేయాలి.

మొదటి నాలుగు పనులూ ఒక్క శనివారంలో అయిపోయాయి. మంచం మేడమెట్ల మలుపులో ఇరుక్కున్నా సరే, అయిపోయాయి. మిగిలినదల్లా అయిదోది. నేల మీద నాలుగు రాళ్లు పరవడం.

ఆ అల్లుడి పేరు ఏసురాజు. వాళ్ల వంశంలో డిగ్రీ గట్టెక్కిన మొదటి మనిషి. నర్సాపురంలో బీకాం, యాభై ఎనిమిది శాతం. ఫస్ట్ క్లాస్‌కు రెండు శాతం తక్కువ. "ఆ రెండూ ఎక్కడ పారేసుకున్నావు బాబూ?" అని పెళ్లిచూపుల్లో అందరి ముందూ అడిగిన మనిషే ఈ అత్తగారు, సువార్తమ్మ. అడిగాక పిల్లనిచ్చింది. కానీ అడిగింది అడిగిందే.

సువార్తమ్మ పడింది ఆ దారి మీదే. ఆదివారం చర్చిలో ప్రేమవిందు ఉందని చికెన్ పలావు గిన్నె చేతిలో పట్టుకుని కారు దగ్గరికి వెళుతోంది. కాలి కింద ఒక గులకరాయి తూర్పుకు దొర్లింది, ఇంకొకటి పడమరకు దొర్లింది. ఆమె రెండింటి మధ్యా కూర్చుండిపోయింది. పలావు గిన్నె మాత్రం ఒరగలేదు. ("విందుకు వేళవుతోంది, ముందు దాన్ని పంపించండి" అని ఆమె అంబులెన్సు వచ్చేలోపు మూడుసార్లు చెప్పింది.)

ఇప్పుడు ఆమె నడుస్తోంది, వాకర్ పట్టుకుని. గురువారం నాడు వార్డు నుంచి హీథర్ అనే థెరపిస్ట్ వచ్చి ఇల్లు చూస్తుంది. దారి బాగుందంటే సువార్తమ్మ ఇంటికి వస్తుంది. బాగాలేదంటే రెస్ట్‌హోమ్‌కు, అంటే వృద్ధాశ్రమానికి, వెళుతుంది. ఆ రెస్ట్‌హోమ్ ఏదో కాదు, ఏసురాజు భార్య జ్ఞానమణి నర్సుగా పనిచేసేదే. ఖాళీ ఉన్నది అక్కడేనట.

ఇక ఆ దారి. ఏసురాజు కుటుంబం ఉండేది పుకేకో కోర్ట్‌లో. ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిద్రపోతున్నట్టుండే ఇళ్ల వరస అది. దానికొక నివాసుల సంఘం. ఆ సంఘం మూలసిద్ధాంతం చాలా సరళమైనది: డోర్‌మ్యాట్‌కు లోపలిదంతా మీది, బయటిదంతా మనందరిదీ. నియమావళిలో పద్నాలుగో నియమం ఇలా ఉంటుంది: "కంటికి కనిపించే నేల యావత్తూ మధ్యస్థ బూడిద రంగు నది గులకరాళ్లతో కప్పబడి ఉండవలెను. నేల నేలవలె కనిపించరాదు."

గులకరాయి గురించి ఒక మాట చెప్పుకోవాలి. అది చూడముచ్చటైనది. గుండ్రంగా, నున్నగా ఉంటుంది. పక్క రాయితో ఏ సంబంధమూ పెట్టుకోదు. ఎంత తొక్కినా, ఎన్నేళ్లు కలిసి ఉన్నా, ఒకదాన్నొకటి పట్టుకోవు. పుకేకో కోర్ట్ నివాసులకు అవి నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

సంఘం కార్యదర్శి శ్రీరామచంద్రమూర్తి. హైదరాబాద్‌లో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాసెస్ చూసుకుని, ఇక్కడికి వచ్చి ఇంకా పెద్ద కంపెనీలో ప్రాసెస్ చూసుకుంటున్నాడు (దేని ప్రాసెస్ అని ఎవరూ అడగలేదు). ఏసురాజు ఎదురిల్లే ఆయనది.

"మూర్తిగారూ, మా అత్తగారు ఆ రాళ్ల మీదే పడ్డారండి. అవి తీసేసి గట్టి దారి వేసుకుంటానండి. ఖర్చంతా నాదే."

"అయ్యో, ఆంటీగారికి ఇప్పుడెలా ఉంది?"

"నడిపిస్తున్నారండి."

"వెరీ గుడ్. చూడండి రాజుగారూ, మనిషిగా నేను హండ్రెడ్ పర్సెంట్ మీతో ఉన్నాను. సెక్రటరీగా మాత్రం మీరెవరో నాకు తెలీదు. యాప్‌లో పెట్టండి."

"మీరు ఎదురుగానే ఉన్నారు కదండీ."

"అందుకే యాప్. ముఖాలు చూసుకుని పనులు చేయడం మొదలెడితే ఇక సిస్టం ఎందుకండీ?"

యాప్ పేరు పుకేకో కనెక్ట్. అందులో విన్నపాలు నాలుగు రకాలు: చెత్తడబ్బాలు, పార్కింగు, శబ్దం, పెంపుడు జంతువులు. రాయి అన్న మాట ఎక్కడా లేదు. ఊరంతా రాళ్లు పరిచి, యాప్‌లో రాయి పెట్టలేదు. పెంపుడు జంతువుల కింద మాత్రం కుక్క, పిల్లి, కుందేలు, ఆపైన "ఇతరములు" అని ఉంది.

"అదర్ కొట్టు డాడీ, ఎవడూ చదవడు" అన్నాడు జేసన్, పక్కనుంచి పోతూ. ఇక్కడే పుట్టినవాడు కాబట్టి వ్యవస్థ మీద వాడికి ఆ మాత్రం నమ్మకం ఉంది.

ఏసురాజు నిజాయితీపరుడు. ఏ గడీ ఖాళీగా వదలకూడదని చిన్నప్పటి నుంచి మాస్టర్లు చెప్పారు. జంతువు జాతి అన్నచోట "కంకర" అని రాశాడు. పేరు అన్నచోట మళ్లీ "కంకర" అని రాశాడు. బరువు: రెండు టన్నులు. టీకాలు: అవసరం లేదు. కరుస్తుందా అన్న ప్రశ్న దగ్గర కొంచెంసేపు ఆలోచించాడు. అత్తగారి తుంటి గుర్తొచ్చింది. "ఇప్పుడున్నది కరిచింది. కొత్తది కరవదు" అని రాసి పంపించాడు.

జేసన్ చెప్పింది తప్పని తేలింది. చదివారు. సంఘంలో ఏ ఉపసంఘమైనా నెలకోసారి కూర్చుంటే గొప్ప, కానీ జంతువుల ఉపసంఘం ప్రతి ఆదివారం కూర్చుంటుంది. కుక్కల విషయంలో ఆలస్యం మానవత్వం కాదని నివాసుల అభిప్రాయం. రెండు టన్నుల జంతువు గురించి వాళ్లు సహజంగానే ఆందోళన చెందారు. స్వభావ పరీక్షకు హాజరుపరచమన్నారు.

ఏసురాజు మూడు రకాల రాళ్ల నమూనాలు భోజనం చేసే స్టీలు పళ్లెంలో పోసుకుని వెళ్లాడు. అధ్యక్షుడు గ్రాహమ్, రిటైరైన పెద్దమనిషి, కళ్లజోడు సవరించుకుని చూశాడు. ఎర్రటి అగ్నిపర్వతపు రాయి, స్కోరియా, ఈ ఊళ్లో ఎక్కడ తవ్వినా దొరికేదే. అది కొంచెం ఉద్రేకపడే రకంలా ఉందన్నారు. తెల్లటి సున్నపురాయి ముక్కలు మరీ అందరి దృష్టినీ ఆకర్షించేలా ఉన్నాయన్నారు. మూడోది బూడిద రంగు కొట్టిన కంకర, అంచులు పదునుగా, మధ్యలో రాతిపొడి కలిసి ఉంది. గ్రాహమ్ దాన్ని వేలితో కదిపి చూశాడు. అది ఏమీ అనలేదు.

"శాంతస్వభావం" అని రాసుకున్నాడు.

ఉపసంఘం చర్చించింది. మూర్తిగారు ప్రాసెస్ సక్రమంగా జరిగిందని ధ్రువీకరించాడు. సాయంత్రానికల్లా షరతులతో తాత్కాలిక అనుమతి వచ్చింది. ఒకటి, సదరు జంతువు వదులుగా తిరగరాదు, ఎప్పుడూ కట్టి ఉంచవలెను. రెండు, అరవరాదు. మూడు, పిల్లలను పెట్టరాదు.

"కట్టి ఉంచడమంటే ఏం చేయాలండి?" అని అడిగాడు ఏసురాజు.

మూర్తిగారు దాని మీద నిజంగానే ఆలోచించాడు. "దారికి రెండు వైపులా చెక్క పలకలు దిగ్గొట్టండి. అది లీష్ కింద లెక్క. నేను నోట్ రాస్తాను."

ఏళ్ల తరబడి ఆ కాలనీలో వదులుగా తిరుగుతూ కార్ల టైర్లలోకి, పోస్టు డబ్బాల్లోకి, ఒకసారి డ్రయ్యర్‌లోకి కూడా చేరిన గులకరాళ్లకు ఈ షరతు వర్తించదు. అవి నియమావళి కంటే ముందు నుంచీ ఉన్నాయి.

సోమవారం ఏసురాజు సెలవు పెట్టాడు. ట్రైలర్ స్నేహితుడు నర్సయ్యది. నర్సయ్యకు దగ్గర్లోని పాపటోయిటోయిలో కిరాణా షాపు ఉంది. ఆ ట్రైలర్‌లో బియ్యం బస్తాలు తప్ప ఏనాడూ వేరే సరుకు ఎక్కలేదు.

రాళ్లమ్మే యార్డులో గోడలు కట్టి విడివిడిగా పోసిన రాళ్ల గుట్టలున్నాయి. ఒక్కో గుట్ట ముందు ఒక్కో బోర్డు. గ్యాప్ ఏడు. గ్యాప్ ఇరవై. గ్యాప్ నలభై. గ్యాప్ అరవై ఐదు. కింద చిన్న అక్షరాల్లో ఆ గ్యాప్ పూర్తి పేరు "జనరల్ ఆల్ పాసింగ్" అని ఉంది. వానకు తడిసి దూరం నుంచి అన్ని గుట్టలూ ఒక్కలాగే నల్లగా మెరుస్తున్నాయి.

"ఆల్ పాసింగ్ అంట అన్నా" అన్నాడు నర్సయ్య. "కరోనా టైంల మా మేనల్లునికి గిట్లనే ఇచ్చిండ్రు. పరీక్ష లేదు, ఏం లేదు, అందరు పాస్."

"మరి ఈ అంకెలేంటి?"

"మార్కులుంటయ్."

చదువుకున్నవాడికి ఇది వినగానే అంతా తేటతెల్లమైంది. ఏడు మార్కుల రాయి అంటే హాజరుపట్టీలో పేరున్న రాయి. ఇరవై అంటే ఫెయిలై, ఎవరి దయవల్లనో ఆల్ పాస్‌లో బయటపడ్డ రాయి. పాస్ మార్కు ముప్పై ఐదు గనుక నలభై అంటే బొటాబొటి. అరవై ఐదు మాత్రం నికరమైన ఫస్ట్ క్లాస్.

"నలభై సాలదా అన్నా? నేను ఇంటర్ల ముప్పై ఆరు. బతుకుతలేనా?" అన్నాడు నర్సయ్య.

"నీ సంగతి వేరు నర్సయ్యా. దాని మీద నడిచేది మా అత్తగారు."

ఆ ఒక్కమాటతో నర్సయ్యకు విషయం అర్థమైంది. ట్రైలర్ తలుపు దించాడు.

లోడర్ మీద ఉన్న యార్డు మనిషి జులైలో వచ్చే ఇక్కడి నడిచలికాలంలోనూ పొట్టి నిక్కరే వేసుకుని ఉన్నాడు. బాధ్యత గలవాడు. అడగవలసినవన్నీ అడిగాడు.

"దేనికి కావాలి, మేట్?"

"ఇంటి దారికి."

"చక్రాల బండి పోతుందా దాని మీద?"

"పోతుంది. నాలుగు చక్రాలది."

"బాగా బరువా?"

ఏసురాజు వాకర్‌ను మనసులోనే తూచాడు. "మోస్తరు."

"సరే, అరవై ఐదు అడుగున వేయడానికి మంచిదే. పైన ఏం వేస్తావు?"

"మా అత్తగారిని."

యార్డు మనిషి లోడర్ ఇంజిన్ ఆపాడు. ఏసురాజు ముఖంలోకి చూశాడు. అందులో హాస్యం ఛాయ కూడా కనిపించలేదు. ఒకరి కుటుంబ విషయాల్లో ఇంకొకరు తలదూర్చని దేశం గనుక, "గుడ్ ఆన్ యా" అని మాత్రం మెచ్చుకుని ట్రైలర్ నింపాడు.

సాయంత్రానికి గులకరాళ్లు తీసి, పలకలు దిగ్గొట్టి, మళ్లీ మళ్లీ తిరిగి తెచ్చిన ఫస్ట్ క్లాస్ కంకరంతా పరిచారు. పరిచాక ఇద్దరూ వెనక్కి జరిగి నిలబడి చూశారు. దారి కృష్ణా బరాజ్ గట్టులా ఉంది. జ్ఞానమణి డ్యూటీ నుంచి వచ్చి, కారు దిగకుండానే చూసి, దిగాక ఇంకోసారి చూసింది. రెస్ట్‌హోమ్ నుంచి అరువు తెచ్చిన వాకర్‌ను దాని మీద పెట్టి తోసింది. ముందు చక్రం రెండు రాళ్ల మధ్య దిగి అక్కడే ఉండిపోయింది.

అదే సమయానికి వార్డు నుంచి వీడియో కాల్ వచ్చింది.

"అల్లుడుగారూ, ఫోను కాస్త కిందికి వంచండి. ఇంకాస్త. ఇవి రాళ్లా, బత్తాయిలా?"

"ఫస్ట్ క్లాస్ అండి అత్తయ్యగారూ. అరవై ఐదు."

"అవునవును. దీని మీద నడిపిస్తే నా రెండో తుంటి కూడా ఫస్ట్ క్లాస్‌లోనే పోతుంది. బియ్యంలో రాళ్లేరిన చేతులండీ ఇవి. మీరు పోసినదాంట్లో బియ్యం ఎక్కడన్నా ఉంటే ఏరుకోవాలి."

"ఏవండీ, గురువారం హీథర్ వస్తుంది" అంది జ్ఞానమణి గొంతు తగ్గించి. "ఇది చూసిందంటే అమ్మని తిన్నగా మా రెస్ట్‌హోమ్‌కే రాసేస్తుంది."

"నాకు విరిగింది తుంటేనే, చెవులు కాదు" అంది ఫోనులోంచి సువార్తమ్మ. "అక్కడ నన్నెవరు చూస్తారే?"

"నేనే డ్యూటీలో ఉంటానులే అమ్మా."

"కన్నకూతురు నన్ను షిఫ్టులో చూస్తుందన్నమాట. నీళ్లడిగితే నీ టీ టైం అయిందంటావా? అక్కడ నన్ను అమ్మా అని పిలుస్తావా, గది నంబరుతో పిలుస్తావా?"

జ్ఞానమణి నవ్వబోయి ఆగింది. అక్కడ పొరపాటున కూడా ఎవరినీ అమ్మా అని పిలవకూడదని ఆమెకిచ్చిన శిక్షణలో ఉంది.

ఫోను పెట్టేముందు సువార్తమ్మ, "నన్ను ఇంటికి తీసుకుపోండి అల్లుడుగారూ" అంది. ఆ మాటలో వెటకారం వెతికినా దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే ఏసురాజు యార్డుకు ఫోన్ చేశాడు. నిక్కరు మనిషే తీశాడు.

"నిన్న అరవై ఐదు తీసుకెళ్లానండి. చక్రం పోవడం లేదు."

"అత్తగారి మనిషివేనా నువ్వు? పైన ఏం వేశావు?"

"ఇంకా వేయలేదండి. ఆవిడ ఆసుపత్రిలోనే ఉన్నారు."

అవతల లోడర్ ఇంజిన్ ఆగింది. ఆ తర్వాత ఆ మనిషి ఓపికగా చెప్పాడు. అంకె మార్కు కాదు, మిల్లీమీటర్లు. అంత వెడల్పు కన్నాలున్న జల్లెడలో పోస్తే కిందికి జారినవన్నీ పాస్. పైన మిగిలిపోయినవి ఫెయిల్. అరవై ఐదు అడుగు పొర. దాని మీద ఇరవై వేసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. సన్నవి, పొడి వెళ్లి పెద్దవాటి సందుల్లో కూర్చుంటే అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అప్పుడిక కదలవు.

ఏసురాజు ఫోను పెట్టేశాడు. అతను నేర్చుకున్న చదువులో పైన మిగలడమే గొప్ప. కిందికి జారిపోయినవాళ్లను ట్యుటోరియల్‌లో వేసేవారు.

నర్సయ్యకు విషయం చెబితే నొచ్చుకున్నాడు. "అంటే నంబర్ తక్కువుంటే మంచిదా? గిదేం పద్ధతన్నా? ముందే సెప్తే నేను ఈ దేశంలనే సదువుకుంటుంటి గదా."

ఇరవై వచ్చింది. దాన్ని పరిచాక దిమ్మిస యంత్రం అద్దెకు తెచ్చారు. మన దిమ్మిసకు మోటారు తగిలించి, దానికి కోపం తెప్పిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఏసురాజు స్టార్ట్ చేశాడు. పుకేకో కోర్ట్‌లో గ్లాసులన్నీ మాట్లాడుకోవడం మొదలెట్టాయి.

దారి కొస దాకా ఇంకా వెళ్లనే లేదు, యాప్ మోగింది. "మీ జంతువు కంకర నిరంతరాయంగా అరుస్తున్నట్టు ఫిర్యాదు అందినది. రెండవ షరతు ఉల్లంఘన. అనుమతి తక్షణమే నిలిపివేయబడినది."

మూర్తిగారు లాప్‌టాప్ చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. మీటింగులో ఉన్నట్టున్నాడు. పైన కోటు, కింద పైజమా.

"రాజుగారూ, ఏంటండీ ఇది? నా క్లయింట్ అక్కడ భూకంపమా అని అడుగుతున్నాడు. వెల్లింగ్టన్ మనిషండీ, భూకంపాల ఊరు, పాపం, బల్ల కిందికి దూరాడు."

"ఇది కొట్టకపోతే రాళ్లు పట్టుకోవండి మూర్తిగారూ. ఎల్లుండే ఆవిడ వచ్చి చూసేది. ఆగిపోతే అత్తగారు ఇంటికి రారు."

"మనిషిగా నాకు..."

"మనిషిగానే చెప్పండి. కార్యదర్శిగారు మీటింగులో ఉన్నారు కదా."

మూర్తిగారు లాప్‌టాప్ మూశాడు. అలా మూయడం పుకేకో కోర్ట్‌లో ఎవరూ అంతకుముందు చూడలేదు. కాసేపు నియమావళిని కంఠస్థంగా నెమరు వేసుకున్నాడు. తర్వాత ముఖం విప్పారింది.

"శిక్షణ! విధేయతా శిక్షణ సమయంలో జంతువు అరిస్తే ఫిర్యాదు చెల్లదు. పగటిపూట అయితే ముందస్తు అనుమతి కూడా అక్కర్లేదు. క్లాజ్ ఉంది. నేనే రాశాను."

ఆ విధంగా రెండు టన్నుల కంకరకు ఆ మధ్యాహ్నం శిక్షణ ఇచ్చారు. ఏసురాజు దిమ్మిస నడిపాడు, నర్సయ్య పైపుతో నీళ్లు చల్లాడు, శ్రీరామచంద్రమూర్తి పైజమాలో పక్కన నిలబడి శిక్షకుడి హోదాలో పర్యవేక్షించాడు. కూర్చోమంటే కూర్చుంది. ఉండమంటే ఉంది. కోర్ట్‌లో ఏ కుక్కా అంత వినదు.

గురువారం హీథర్ వచ్చింది. వాకర్ తోసింది, మడమతో గట్టిగా తన్ని చూసింది, ఒక చిన్న రాయి కూడా లేవలేదు. గుమ్మం దగ్గర ఆగింది. రెండు పొరల ఎత్తుకు దారి ఎంత లేచిందంటే, గుమ్మం ముందుండే మెట్టు దాంట్లో మునిగిపోయింది. వాకర్ గేటు దగ్గర బయలుదేరితే ఎక్కడా ఎత్తకుండా నేరుగా హాల్లోకి పోతుంది. (గోడ తడి పీల్చకుండా దాని అంచుకూ బయటి నేలకూ మధ్య ఎంత ఎడం ఉండాలన్నది చూసే శాఖ వేరు. ఆ శాఖను ఈ కథలోకి ఎవరూ పిలవలేదు. మీరూ పిలవకండి.)

"మెట్టు సంగతి కూడా ఆలోచించారే! చాలామందికి తట్టదు" అంది హీథర్.

"లేదండి, అది మేము మార్కులనుకుని..." అని నిజం చెప్పబోయాడు ఏసురాజు. జ్ఞానమణి అతని మోచేతి దగ్గర చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది. అతను ఆలోచించామని ఒప్పుకున్నాడు.

శుక్రవారం సువార్తమ్మ ఇంటికి వచ్చింది. కారు దిగి, వాకర్ పట్టుకుని, గేటు దగ్గర నిలబడి దారినంతా ఒకసారి చూసింది. ఆ చూపును ఆ ఇంట్లో అందరూ ఎరుగుదురు, చేటలో బియ్యం పోసినప్పటి చూపు. తర్వాత కదిలింది. ఏసురాజు ఆమె పక్కనే, చేతులు చాపి, పట్టుకోకుండా, పట్టుకోబోతున్నట్టుగా నడిచాడు. అడ్డం వస్తున్నారు జరగండి, అంది. గుమ్మం దాకా వెళ్లింది. లోపలికీ వెళ్లింది. తన మంచం మీద కూర్చుని, ఊపిరి తీసుకుని, చాలాసేపు దుప్పటి మడతలు సవరించింది.

"చప్పుడే లేదు అల్లుడుగారూ. ఆ గులకరాళ్లయితే ఎవరొస్తున్నారో వంటింట్లోకి వినపడేది" అంది. అంతకు మించి పొగడడం ఆమెకు చేతకాదని ఏసురాజుకు తెలుసు. అతను వంటింట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా, కొళాయి తిప్పి ముఖం కడుక్కున్నాడు.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ సంఘానికి ఫైలు మూయడమన్న పని మిగిలింది.

తర్వాతి వారం మూర్తిగారు వచ్చాడు, ఈసారి కోటూ ప్యాంటూ రెండూ వేసుకుని. సువార్తమ్మ హాల్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు.

"చిన్న ఫార్మాలిటీ ఆంటీగారూ. ఈ దారి తాత్కాలికం కింద అప్రూవ్ అయింది. మీ అవసరం తీరాక మళ్లీ గులకరాళ్లు పోయించాలి. దానికి యాప్‌లో ఒక తేదీ అడుగుతోంది. అవసరం ముగియు తేదీ. స్టార్ గుర్తు ఉందండి, ఖాళీ వదలడానికి లేదు."

"ఏ తేదీ కావాలి బాబూ? నేను వాకర్ వదిలేసి నడిచే తేదీనా, నేను పోయే తేదీనా?"

మూర్తిగారు మనిషిగా చాలా ఇబ్బంది పడ్డాడు. "ఏదైనా ఫర్వాలేదండీ. సిస్టం ఒక్కటే తీసుకుంటుంది."

సువార్తమ్మ ఇంకో చిక్కుడుకాయ అందుకుంది. "అది రాసుకున్నాయన పైన ఉన్నాడు. ఆ యాప్‌లో నాకు లాగిన్ లేదు నాయనా. భోంచేసి వెళ్లు."

ఆయన భోంచేసి వెళ్లాడు. ఫైలు ఇప్పటికీ పెండింగులోనే ఉంది. ఆ తేదీ సాధ్యమైనంత త్వరగా అందజేయవలసిందిగా ప్రతి సోమవారం పొద్దున సంఘం నుంచి మర్యాదగా ఒక రిమైండరు వస్తూనే ఉంటుంది. కాబట్టి, ప్రార్థించే అలవాటున్న పాఠకులు మనురేవాలోని సువార్తమ్మగారిని జ్ఞాపకం చేసుకోవలసిందిగా మనవి. ఆమె కోసం ప్రత్యేకించి ఏమీ అడగనక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో పైవాడు కూడా సంఘం ఫైళ్లు మూసే వేగంతోనే పనిచేయాలని అడిగితే చాలు.